కామారెడ్డి–ఎల్లారెడ్డి దారిలో టైరు గాలి చరిత్ర

డిసెంబరు 17 ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగితే, ప్రతి ఏడూ రాసే నకారా కేసు తీర్పు గురించే రాద్దామనుకున్నాను. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పును మనం ఎన్నిసార్లు తలచుకున్నా తక్కువే. అయితే ఈసారి మా ఇంట్లో ఒక చిన్న వస్తువు మీద పెద్ద వాదన జరిగింది. ఆ వాదనలో నేను ఓడిపోయానో గెలిచానో మీరే తేల్చండి.

ఆ వస్తువు కారు టైరుకు గాలి నింపే చిన్న మిషను. చేతిలో పట్టేంత ఉంటుంది. ఎన్ని పాయింట్ల గాలి కావాలో అంకె పెట్టి మీట నొక్కితే, ఆ అంకె రాగానే తనంతట తానే ఆగిపోతుంది. డి.ఏ. బకాయి అందిన నెలలో 2,200 రూపాయలు పెట్టి కొన్నాను. హైదరాబాదులో ఉన్న మా పెద్దవాడు ఫోనులో, "పెట్రోలు బంకులో గాలి ఫ్రీ కదా నాన్నా, అంత డబ్బు ఎందుకు పోసినవ్?" అన్నాడు. మన సంఘంలో కూడా ఇద్దరు ముగ్గురు అదే ప్రశ్న వేశారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాత ఫైలు తిరగేయకుండా కొత్త నోటు పెట్టడం నాకు చేతకాదు. 36 ఏళ్ళ గుమస్తా అలవాటు అది. అందుకని మొదటినుంచీ చెప్పుకొస్తాను.

కామారెడ్డికి రైలు నిజాం కాలంలోనే, 1900 ప్రాంతంలో, సికింద్రాబాదు–మన్మాడు లైనుతో వచ్చింది. ఎల్లారెడ్డికి ఇప్పటికీ రైలు లేదు. కాబట్టి మంచికైనా చెడుకైనా మనకు రోడ్డే గతి. ఒకప్పుడు ఆ రోడ్డు మీద తిరిగినవి ఇనుప పట్టా వేసిన చెక్క చక్రాల బండ్లు, కాస్త కలిగినవాళ్ళకు కచ్చురాలు. వాటికి గాలి అక్కర లేదు, పంక్చరు తెలియదు. ఎక్కినవాడి నడుము మాత్రం రెండు రోజులు నొచ్చేది. 1932 జూన్ 15న నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. మన ఆర్టీసీకి మూలం అదే. రాష్ట్రంలో గాలి టైరు మీద జనం పెద్ద ఎత్తున ప్రయాణం చేయడం ఆ కాలం నుంచే అని చెప్పుకోవచ్చు.

ఈ గాలి టైరు పుట్టుక మన దఫ్తరు వ్యవహారం లాగే ఉంటుంది. 1845లో స్కాట్లాండు ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి, గుర్రపు బండి చక్రాలకు బిగించాడు. పేటెంటు కూడా పొందాడు. అప్పటికింకా మోటారు కారు పుట్టలేదు. దానితో అవసరం ఎవరికీ కనబడక, ఆ కాగితం నలభై ఏళ్ళు అటక మీద పడి ఉంది. 1888లో బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరుగా పని చేస్తున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించాలని మళ్ళీ అదే ఆలోచన చేశాడు. ఆయనకూ పేటెంటు ఇచ్చారు. తర్వాత ఎవరో పాత రికార్డు వెతికి థామ్సన్ కాగితం బయట పెట్టేసరికి ఆయన పేటెంటు చెల్లకుండా పోయింది. పాత ఫైలు చూడకుండా మంజూరు చేస్తే ఎక్కడైనా ఇదే గతి!

పేటెంటు పోయినా పేరు మాత్రం డన్‌లప్‌కే మిగిలింది. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో ఆ కంపెనీ టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. వాళ్ళు ఎడ్లబండ్లకు కూడా గాలి టైర్లు చేసి అమ్మారు. మన రైతులు కంపెనీ పేరునే బండికి పెట్టుకుని 'డన్‌లప్ బండి' అన్నారు. కామారెడ్డి బెల్లం మార్కెటుకు బెల్లం ముద్దలు మోసుకొచ్చిన బండ్లు, నిజాంసాగరు కాలువల కింది చెరుకును ఫ్యాక్టరీకి తోలిన బండ్లు నా చిన్నతనంలో ఇనుప పట్టా నుంచి గాలి టైరుకు మారడం కళ్ళారా చూశాను. అవే ఎద్దులు మునుపటికంటే ఎక్కువ బరువు లాగేవి. థామ్సన్ మొదట బండి చక్రానికే గదా గాలి పెట్టింది, నూరేళ్ళు తిరిగి మన ఊళ్ళో అది మళ్ళీ బండి కిందికే చేరింది.

నేను 1971లో ఎల్లారెడ్డి తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. అప్పట్లో గుమస్తా అంటే సైకిలు. సొంతానిది లేకపోతే గంటకింత అని కిరాయి సైకిలు. ప్రతి సైకిలు షాపు ముందూ గుంజకు ఆనించి ఒక గాలి పంపు ఉండేది. మన దేశీ సైకిలు వాల్వులో వేలెడు పొడుగు సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్ ట్యూబు అంటాం. అది మెత్తబడితే ఎంత కొట్టినా గాలి నిలవదు. జీపుకు, స్కూటరుకు ఉన్నది వేరే రకం. లోపల స్ప్రింగు పుల్ల ఉంటుంది. అమెరికాలో ష్రేడరు అనే కుటుంబం వారు 1893లో పేటెంటు తీసుకున్నది. ఇప్పటి కార్లన్నిటికీ ఇదే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానో కొంచెం ముందుకు పోతే తెలుస్తుంది.

జమాబందీ రోజుల్లో తాసిల్దారు గారి జీపులో రికార్డు మూటలతో పాటు నేనూ దౌరాకు వెళ్ళేవాణ్ణి. జీపులో సీటు కింద ఒక చేతి పంపు ఉండేది. పంక్చరైతే డ్రైవరు టైరు విప్పి, ట్యూబు తీసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, ముక్క అంటించేవాడు. ఆ తర్వాత గాలి కొట్టడం మా వంతు. డ్రైవరు, జవాను, నేను, ఒకరి తర్వాత ఒకరం. నేను లెక్కపెట్టేవాణ్ణి, మొత్తం మీద రెండు వందలు దాటేది. గిర్దావరు గారు మాత్రం చెట్టు కింద నిలబడి 'ఇంకా కొట్టుండ్రి' అనేవారు! అప్పుడు నాకు పాతికేళ్ళ లోపే. ఆ పంపు ఇప్పుడు నా చేతికిస్తే ఇరవై దాకా కూడా రాను.

ఇక అసలు సంగతి. 1981 వానాకాలం. మా బాపు మాతోనే ఎల్లారెడ్డిలో ఉండేవారు. జీవితమంతా కిరాణా కొట్లో చిట్టా రాసిన మనిషి. ఒక సాయంత్రం గ్లాసు అందుకోబోతూ పక్కకు ఒరిగిపోయారు. కుడి చేయి, కుడి కాలు కదలలేదు, మాట ముద్దగా వచ్చింది. కామారెడ్డికి తీసుకుపోదామని కిరాయి అంబాసిడరు మాట్లాడి, అవ్వ ఒళ్ళో బాపు తల పెట్టి బయలుదేరాం. రాత్రి తొమ్మిది ప్రాంతం. లింగంపేట దాటి కొంత దూరం పోయాక ముందు టైరు కూర్చుంది. డ్రైవరు వానలోనే జాకీ ఎత్తి స్టెప్నీ బిగించాడు. జాకీ దించగానే అదీ కూర్చుంది. టార్చిలైటు వేసి చూసి, "సారూ, స్టెప్నీల గాలి లేదు" అన్నాడు. కారులో పంపు లేదు.

డ్రైవరు ఆ చక్రాన్ని దొర్లించుకుంటూ లింగంపేటకు నడిచిపోయాడు. సైకిలు షాపాయనను లేపాడు. పాపం ఆయన లేచి వచ్చాడు కూడా. కానీ సైకిలు పంపు మూతి కారు వాల్వుకు పట్టలేదు. ఏదో గుడ్డ చుట్టి ప్రయత్నిస్తే వేసినంత గాలీ వెనక్కి వచ్చింది. ఖాళీ చక్రంతోనే తిరిగి వచ్చాడు. రాత్రి రెండు దాటాక ఒక లారీ ఆగింది. ఆ డ్రైవరు ఏ ఊరివాడో కూడా అడగలేదు, తన పంపు ఇచ్చి తానే మొదట కొట్టాడు. మేం కామారెడ్డి చేరేసరికి మూడున్నర. ఆ ఐదారు గంటలు అవ్వ టవలుతో బాపు మీద దోమలు తోలుతూ, "వచ్చిందా? వచ్చిందా?" అని నన్ను అడుగుతూనే ఉంది.

బాపు ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. కుడి చేయి మళ్ళీ లేవలేదు. పెద్దతనంలో ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నారు. వేళకు చేరి ఉంటే చేయి వచ్చేదా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. మెదడు నరాల్లో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షనుకు అమెరికాలో అనుమతి వచ్చిందే 1996లో అని తర్వాత చదివాను. అంటే 1981లో తొమ్మిదింటికి చేరినా, మూడున్నరకు చేరినా ఆ చేతికి తేడా ఉండేది కాదేమో. ఈ మాట తెలిసిన రోజు కొంత తేలికపడ్డాను. కొంతే.

ఆ డ్రైవరును ఆ రాత్రి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టకుండా ఉండవలసింది. మా ఆఫీసు జీపు లాగ్ బుక్కు నేనే రాసేవాణ్ణి. అందులో పెట్రోలుకు కాలమ్ ఉంది, కిలోమీటర్లకు కాలమ్ ఉంది, ఇంజను ఆయిలుకు ఉంది. స్టెప్నీలో గాలికి లేదు. మా జీపు స్టెప్నీని కూడా పంక్చరైన రోజు తప్ప ఎవరూ ముట్టుకున్నది లేదు.

స్టెప్నీ అన్న మాట సంగతి కూడా చెప్పాలి. అది ఇంగ్లీషులో అదనపు చక్రం అని అర్థమిచ్చే మాట అనుకునేవాణ్ణి. కాదు, ఒక వీధి పేరు. తొలి కార్లలో అదనపు చక్రమే ఉండేది కాదు, పంక్చరైతే నడిరోడ్డు మీదే టైరు విప్పి బాగు చేసుకోవాలి. 1904లో వేల్సు దేశంలోని లానెల్లి పట్టణంలో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన, ముందే గాలి నింపి ఉంచిన టైరును ఒక రిమ్ముకు తొడిగి, పంక్చరైన చక్రానికి పక్కన బిగించే ఉపాయం కనిపెట్టాడు. ఆయన దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరుతో సరుకు అమ్మాడు, అది ఇండియా దాకా వచ్చింది. గమనించండి: ముందే గాలి నింపి ఉండడమే ఆ సరుకు గొప్పతనం. గాలి లేనిదాన్ని డిక్కీలో మోయడం బరువే తప్ప మరొకటి కాదు.

తర్వాతి సంగతులు మీకూ తెలిసినవే. 1984లో పట్వారీ వ్యవస్థ పోయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, నేను కామారెడ్డికి మారాను. 2007లో రిటైరయ్యాను. 2016 అక్టోబరు 11న కామారెడ్డే జిల్లా అయింది. హైవే ఏడో నంబరు పోయి నలభై నాలుగైంది. దాని పక్కన కంప్రెషర్లతో పంక్చరు షాపులు వెలిశాయి. చేతి పంపు కనుమరుగైంది.

ఈ మధ్యలో ఎక్కువమంది గమనించని మార్పు ఒకటి జరిగింది. టైరులోంచి ట్యూబు పోయింది. ట్యూబు టైరులో మేకు దిగితే గాలి క్షణాల్లో పోతుంది, ట్యూబు విప్పి అతుకు వేసేదాకా పంపు ఉన్నా దండగ. ట్యూబు లేని టైరులో మేకు దిగితే రబ్బరు ఆ మేకును గట్టిగా పట్టుకుని ఉంటుంది, గాలి మెల్లమెల్లగా పోతుంది. మేకు పీకకుండా గాలి నింపుకుంటే చాలాసార్లు దగ్గర షాపు దాకా పోవచ్చు. అంటే మా జీపు రోజుల్లో పంపు అతుకు వేసిన తర్వాత పనికొచ్చేది. ఇప్పుడు అతుకు వేయకముందే పనికొస్తోంది. మా పెద్దవాడికి నేను చెప్పిన మొదటి జవాబు ఇదే. 2020లో కేంద్ర ప్రభుత్వం కూడా ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, టైరు బాగుచేసే కిట్టు ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని నిబంధన సడలించింది. కొత్త కారు కొనే మన పిల్లలు డిక్కీ తెరిచి అందులో స్టెప్నీ ఉందో, కిట్టు ఉందో చూసుకోవడం మంచిది.

మిషను గుణదోషాలు దాచకుండా చెబుతాను. లోపల ఉన్నది పాత పంపే, చేతికి బదులు చిన్న మోటారు తిప్పుతుంది. బండ చప్పుడు. నాలుగైదు పాయింట్లు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పది పదిహేను నిమిషాలు ఆపకుండా నడిపితే కాలిపోయేంత వేడెక్కుతుంది, చల్లారనివ్వాలి. టైరు పక్కగోడ చీలితే ఇది ఎందుకూ పనికిరాదు. రిమ్ము నుంచి పూర్తిగా ఊడిన టైరుకూ పనికిరాదు, దానికి షాపులోని పెద్ద కంప్రెషరు గాలే కావాలి. సైకిలుకు వాడాలంటే డబ్బాలో వచ్చే చిన్న మూతి తగిలించాలి. 1981లో మాకు లేనిది అదే మూతి, అటునుంచి ఇటుకు!

వీటిలో రెండు రకాలున్నాయి. బ్యాటరీది ఒకటి, కారులో సిగరెట్టు లైటరు సాకెట్టుకు తీగ పెట్టేది ఒకటి. నా ఓటు తీగ ఉన్నదానికే. బ్యాటరీది చేతికి సుఖమే, కానీ మన వయసువాళ్ళం దాన్ని ఆరు నెలలు డిక్కీలో మరచిపోతాం. ఎండకు బ్యాటరీ పాడవుతుంది, అవసరమైన రోజున అదీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ స్టెప్నీకి తోడు ఖాళీ మిషను. తీగది ఇంజను నడుస్తూ ఉంటే పని చేస్తుంది, మనం గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. ఎంత గాలి పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. టైరు మీద అచ్చు వేసిన పెద్ద అంకె అది భరించగల గరిష్ఠం, దాన్ని చూసి నింపకండి. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

పెట్రోలు బంకులో గాలి ఫ్రీ అన్నది నిజమే, వాళ్ళు ఇచ్చి తీరాలి. టౌను దాటకుండా కూరగాయలకు, గుడికి కారు తీసేవారికి ఆ ఫ్రీ గాలి చాలు, 2,200 మిగుల్చుకోండి. ప్రాణం మీదికి వస్తే 2005 నుంచి 108 ఉంది. మా బాపుకు ఇప్పుడు అట్లా అయితే అంబాసిడరు కోసం పరుగెత్తను, ఫోను చేస్తాను. ఇవన్నీ మా పెద్దవాడి పక్షాన బలమైన వాదనలే అని ఒప్పుకుంటున్నాను. కానీ బంకు గాలి బంకులోనే ఉంటుంది. లింగంపేట ఇవతల రాత్రిపూట ఉండదు.

2025 ఆగస్టు చివర మన జిల్లాను ముంచెత్తిన వానలు ఎవరూ మరచిపోరు. రోడ్లు తెగాయి, రైలు కట్ట కొట్టుకుపోయింది, పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది. నీళ్ళు తీసి దారులు పడ్డాక, బంధువుల ఇంట్లో కార్యానికి మా ఇంటావిడా నేనూ ఎల్లారెడ్డి బయలుదేరాం. మోకాలి ఆపరేషను అయిన మనిషి, పది అడుగులు నడవడమే కష్టం. కంకర తేలిన చోట్లు దాటాక స్టీరింగు ఎడమకు లాగింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు సగం దిగి ఉంది, మేకు తల కనబడుతోంది. అంకె చూస్తే 14. ఒకప్పుడైతే జాకీ ఎత్తాలి, బోల్టులు తిప్పాలి. నా నడుము ఒప్పుకునేది కాదు. మిషను తగిలించి 33 పెట్టాను. ఇంటావిడ కిటికీలోంచి, "ఇది నువ్వు కొన్నదేనా, కొడుకు వద్దన్నది?" అని అడిగింది. నిదానంగా నడిపి, మధ్యలో ఇంకోసారి ఆగి నింపి, ఎల్లారెడ్డిలో పంక్చరు షాపు చేరాం. భోజనాల వేళకు అందుకున్నాం.

ఈ కథ గత నెల మన సంఘం సమావేశంలో చెప్పితే, మిత్రులు పరీక్ష పెట్టారు. టీ తర్వాత బయట ఆగి ఉన్న కార్ల డిక్కీలు తెరిపించి మిషను పెట్టి స్టెప్నీలు చూశాం. మొత్తం ఆరు కార్లు. ఒకదానిలో 30 ఉంది. రెండింటిలో ఇరవై లోపు. ఒకటి 6 చూపించింది, ఆ కారు ఆయన మర్నాడే తిరుపతి వెళుతున్నారు. ఒకాయన డిక్కీ నిండా బియ్యం బస్తాలున్నాయని తెరవలేదు. ఆరోది నాది. నాలుగు చక్రాలకూ నెలనెలా గాలి చూసుకుంటూ, గర్వంగా పుస్తకంలో రాసుకుంటున్న నేను స్టెప్నీ మీది చాప ఎత్తి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు. 11 చూపించింది. అక్కడే నిలబడి ఆరింటిలో ఐదింటికి గాలి నింపాం. ఇంటికి వచ్చాక పుస్తకంలో ఐదో కాలమ్ గీశాను.